కొండ తీగల చిక్కుముడి: అడవి చిక్కుడు జాతుల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో అడవి చిక్కుళ్ళ మీద వ్యాసం వేశాక చాలా ప్రశ్నలొచ్చాయి, దాదాపు అన్నీ ఒక్క చోటికే వస్తున్నాయి: కొండల మీద ఒక్కో చోట ఒక్కోలా కనిపించే ఈ తీగల్ని ఏది ఏ స్పీషీసో, అంటే ఏ జాతో, ఎలా తేల్చాలి అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: కొండ దిగువన చెట్ల నీడలో పెరిగే ఒక అడవి చిక్కుడు తీగకి ఆకులు వెడల్పుగా, పల్చగా ఉన్నాయి. పైకి వెళ్ళాక రాళ్ళ మధ్య అలాంటి తీగే కనిపించింది, కానీ ఆకులు సన్నగా, నూగుతో గరుగ్గా ఉన్నాయి. పువ్వు మాత్రం రెండిటికీ ఒకేలా ఉన్నట్టు అనిపించింది. ఇవి రెండు స్పీషీసా, ఒకటేనా సార్? (బోటనీ పీజీ విద్యార్థిని)

జవాబు: ఆకు ఒక్కటే చూసి చెప్పడం కుదరదమ్మా, అలా ఎవరైనా చెప్పినా నమ్మకండి. ఈ కుటుంబంలో తీగలకి ఆకంత మోసం చేసే భాగం ఇంకోటి లేదు. మీరు ఒకే తీగని మొదలు నుంచి కొస దాకా చేత్తో తడుముతూ చూడండి, మొలకెత్తగానే వచ్చే మొదటి జత ఆకులు మామూలు ఒంటి ఆకులు, ఆ తర్వాతే మూడు పత్రకాల ఆకులు మొదలవుతాయి, అవి కూడా నీడలో ఉన్నంత మేర వెడల్పుగా, ఎండలోకి వచ్చాక చిన్నగా మందంగా, కొన్నిటిలో అయితే పత్రకం అంచు చీలి మూడు తమ్మెలుగా కూడా ఉంటుంది. ఒక్క మొక్క మీదే ఇంత తేడా ఉన్నప్పుడు కింద కొండ ఆకు, పై కొండ ఆకు పక్కపక్కన పెట్టి రెండు స్పీషీస్ అనేస్తే ఎలా?

నేను మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఏంటంటే, ఆ రెండు చోట్లకీ మధ్యలో ఏముందో చూశారా? చాలా పాత పొరపాట్లు ఇక్కడే మొదలయ్యాయి. ఎవరో కొండ కింద ఒక కొమ్మ కోసుకొచ్చారు, ఇంకెవరో ఎప్పుడో శిఖరం దగ్గర ఇంకో కొమ్మ కోశారు, రెండూ ఏదో హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కలు దాచే చోట, ఒక బల్ల మీదకి చేరాయి, చూస్తే అసలు పోలికే లేదు, రెండు పేర్లు పెట్టేశారు. మధ్యలో నడిచిన వాళ్ళు లేరు. అందుకని మీరు మళ్ళీ వెళ్ళినప్పుడు ఎత్తు పెరిగే కొద్దీ కొంత కొంత దూరానికి ఆగి, ఆగిన ప్రతి చోటా ఒక్క మొక్క కాకుండా ఓ ఇరవై ముప్పై మొక్కలైనా చూసి కొలతలు రాసుకోండి. ఆకు వెడల్పు మెల్లమెల్లగా తగ్గుతూ పోతే అది ఒకే స్పీషీస్ లో ఎత్తుని బట్టి వచ్చే జారుడు తేడా. అలా కాకుండా ఒకచోట రెండు రకాలూ పక్కపక్కనే, ఒకే ఎండలో, ఒకే కంప మీద పాకుతూ ఉండి, మధ్యరకం మొక్కలు ఎంత వెతికినా లేకపోతే, అప్పుడు మీ చేతిలో నిజమైన ఆధారం ఉన్నట్టు. రెండూ కలిసి పెరిగే ఆ చోటే మొత్తం కొండలో అన్నిటికంటే విలువైన చోటు, అక్కడ ఒక రోజు ఎక్కువ ఉన్నా పర్లేదు.

ఇంకోటి, ఆ తేడా చలివల్ల, గాలివల్ల వచ్చిందా లేక విత్తనంలోనే ఉందా అనేది కంటితో చూసి తేలదు, పెంచి చూడాలి. దీనికి అందరూ ఇప్పటికీ చెప్పుకునే పని అమెరికాలో క్లాసెన్, కెక్, హీసీ చేశారు, 1940లో ప్రచురించారు. కాలిఫోర్నియాలో సముద్రమట్టానికి దాదాపు 30 మీటర్ల ఎత్తున ఒక తోట, 1400 మీటర్ల దగ్గర ఒకటి, 3050 మీటర్ల దగ్గర ఇంకోటి పెట్టి, ఒకే మొక్కని ముక్కలు చేసి మూడు చోట్లా నాటారు. వాళ్ళు పనిచేసినవి చిక్కుడు కుటుంబం మొక్కలు కావు గానీ పద్ధతి దేనికైనా అదే. చోటు మారితే ఒకే మొక్క ముక్కలు కూడా బాగా వేరుగా పెరిగాయి, అయినా పైనుంచి తెచ్చిన వాటిలో కొన్ని గుణాలు కింద తోటలో కూడా పోలేదు. అంటే చోటు ప్రభావం, పుట్టుక ప్రభావం రెండూ నిజమే. మీరు రెండు రకాల గింజలూ తెచ్చి ఒకే మట్టిలో, ఒకే రకం కర్రకి పాకించండి. తేడా పోతే సరే. పోకపోయినా వెంటనే కొత్త స్పీషీస్ అనుకోవద్దు, ఒకే స్పీషీస్ లో ఒక్కో చోటికి అలవాటు పడిన రకాలు ఉంటాయి, స్వీడన్ లో టూరెసన్ 1922లోనే వాటికి ఎకోటైప్ అని పేరు పెట్టాడు.

ప్రశ్న: ఆకు వద్దంటే మరి ఏం చూడాలండీ? నా దగ్గర పది రెట్లు పెద్దగా చూపించే చేతి లెన్స్ ఒకటి ఉంది, అంతే. (హైస్కూల్ సైన్స్ టీచర్)

జవాబు: లెన్స్ ఉంటే సగం పని అయినట్టే మాస్టారూ. ముందు పువ్వుని విప్పండి. పైన పెద్ద రేక ధ్వజం, పక్కన రెండు బాహువులు, వాటిని మెల్లగా పక్కకి లాగితే లోపల రెండు రేకులు అతుక్కుని పడవలా ఉండేది ద్రోణి. ఫేసియోలస్ జీనస్ లో (జీనస్ అంటే దగ్గరి స్పీషీస్ అన్నీ కలిసిన గుంపు), అంటే మనం ఫ్రెంచ్ బీన్స్, రాజ్మా అనే దాని జీనస్ లో, ఈ ద్రోణి కొస స్ప్రింగులా చుట్టుకుపోయి ఉంటుంది, ఒక చుట్టు దాటి ఇంకా తిరుగుతుంది, లోపల కీలం (అండాశయం మీది సన్న కాడ) కూడా దానితో పాటే చుట్టుకుని ఉంటుంది. సూదితో ఆ చుట్టు విప్పితే కీలాగ్రం, అంటే పుప్పొడి పట్టే దాని కొస, దగ్గర బ్రష్షులా నూగు కనిపిస్తుంది. విగ్నా జీనస్ లో మన పెసర, మినుము ఉన్న ఆసియా గుంపులో చూస్తే పువ్వు పసుపు, ద్రోణి ఒక పక్కకి వంకర తిరిగి ఉంటుంది గానీ స్ప్రింగులా చుట్టుకోదు, పైగా ద్రోణికి ఒక వైపు చిన్న కొమ్ములాంటి బుడిపె పొడుచుకొచ్చి ఉంటుంది. ఒక్కసారి చూస్తే మర్చిపోరు.

తర్వాత ఆకు కాడ మొదట్లో ఉండే పత్రపుచ్ఛాలు చూడండి. ఈ ఆసియా విగ్నాల్లో పత్రపుచ్ఛం మధ్యలో కాండానికి అతుక్కుని పైకీ కిందకీ రెండు వైపులా ఉంటుంది, ఫేసియోలస్ లో అడుగునే అతుక్కుంటుంది. ఫేసియోలస్ నూగులో కొస వంగిన కొక్కెం వెంట్రుకలు కూడా ఉంటాయి, బట్టకి రాస్తే పట్టుకుంటుంది, లెన్స్ కింద అయితే వంపు తెలుస్తుంది. పువ్వు కింద ఉండే లఘుపుచ్ఛాల్ని కూడా వదలొద్దు, ఫ్రెంచ్ బీన్స్, రాజ్మా స్పీషీస్ ఫేసియోలస్ వల్గారిస్ లో అవి వెడల్పుగా, కోడిగుడ్డు ఆకారంలో రక్షకపత్రాల గిన్నెకి ఇంచుమించు సమానంగా ఉంటాయి, ఎర్రపూల చిక్కుడు ఫేసియోలస్ కాక్సినియస్ లో సన్నంగా ఉంటాయి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన గుర్తు మొలక. ఖర్చు లేదు, డీఎన్ఏ అక్కర్లేదు, గింజ తడి గుడ్డలో పెట్టి తర్వాత మట్టిలో వేసి చూస్తే చాలు. వల్గారిస్ లో పప్పుబద్దలు రెండూ నేల చీల్చుకుని పైకి వస్తాయి, కాక్సినియస్ లో నేల లోపలే ఉండిపోతాయి, పైకి వచ్చేది ఉత్త మొగ్గే. చూడ్డానికి దగ్గరగా ఉండే ఈ రెండిటినీ విడదీయడానికి ఇంతకంటే తేలిక దారి లేదు. ఆసియా విగ్నాల్లో కూడా గుంపులు చేసేది దీంతోనే: పెసర, మినుము ఉన్న గుంపులో బద్దలు పైకొస్తాయి, మొదటి జత ఆకులకి కాడ ఉండదు. అడ్జుకీ చిక్కుడు గుంపులో బద్దలు లోపలే, ఆకులకి కాడ ఉంటుంది. మూడో గుంపులో బద్దలు పైకొస్తాయి కానీ ఆకులకి కాడ కూడా ఉంటుంది. చాలామంది పువ్వు ఫొటో తీసుకుంటారు, కాయ ఫొటో తీసుకుంటారు, మొలక దగ్గరికి మాత్రం రారు, నాకు అది చాలా బాధగా ఉంటుంది.

ప్రశ్న: పెసర, మినుములకి అడవి రూపాలు మన కొండల్లో ఉన్నాయని చదివాను. రెండూ ఒకేలా ఉంటాయట కదా, మరి విడదీసిందెలా? (విత్తనాలు సేకరించే రైతు)

జవాబు: మంచి ప్రశ్న వేశారు రైతుగారూ. పడమటి కనుమల్లాంటి చోట్ల పొదల మీద పాకే ఈ అడవి తీగల్ని చాలా కాలం ఒకే పేరు కింద వేసేశారు. రాక్స్‌బర్గ్, మన సామర్లకోటలో ఏళ్ళ తరబడి మొక్కల మీద పనిచేసిన ఆయనే, ఫేసియోలస్ సబ్‌లోబేటస్ అని పెట్టిన పేరు అది. రెండూ చుట్టుకునే తీగలే, రెండిటికీ నూగు, పసుపు పూలు, సన్న కాయలు, చిన్న చిన్న మచ్చల గింజలు. 1980లో లుకోకి, మరెషాల్, ఓటూల్ అనే ముగ్గురు వీటిని జాగ్రత్తగా చూసి అందులో మినుము వైపుది వేరు, పెసర వైపుది వేరు అని విడదీశారు. ఇప్పుడు అడవి మినుముని విగ్నా ముంగో వెరైటీ సిల్వెస్ట్రిస్ అంటున్నారు, అడవి పెసరని విగ్నా రేడియేటా వెరైటీ సబ్‌లోబేటా అంటున్నారు.

మీరు చేలో చూసే తేడాలే అక్కడా పనికొస్తాయి. మినుము కాయలు పైకి నిలబడి ఉంటాయి, వాటి మీద పొడుగు నూగు. పెసర కాయలు పక్కకి పరుచుకుని లేదా కిందకి వంగి ఉంటాయి, నూగు పొట్టిది. గింజ మీద కన్ను చూడండి, కాయ కాడకి అతుక్కున్న ఆ తెల్ల మచ్చ, మినుములో దాని చుట్టూ గట్టులా లేచి ఉంటుంది, పెసరలో చదునుగా గింజతో సమానంగా ఉంటుంది. అడవి గింజ చాలా చిన్నది కాబట్టి లెన్స్ ఉండాలి, కానీ గుర్తు మాత్రం అదే గుర్తు. ఆకు, ఎత్తు, తీగ పొడుగు ఎంత మారినా ఈ గట్టు మారదు, అలాంటి గుణాలే మనం వెతుక్కోవాలి.

ప్రశ్న: క్రాస్ చేస్తే గింజ కట్టి, ఆ గింజ మొలిస్తే రెండూ ఒకే స్పీషీస్ అన్నట్టే కదా? దానికి ఇంత గొడవెందుకు?

జవాబు: పుస్తకంలో అలాగే ఉంటుంది గానీ చిక్కుళ్ళు ఆ పుస్తకం ప్రకారం నడుచుకోవు. ఫేసియోలస్ వల్గారిస్ అడవి రూపం ఉత్తర మెక్సికో నుంచి వాయవ్య అర్జెంటీనా దాకా కొండల వెంట పరుచుకుని ఉంది. అందులో మెక్సికో, మధ్య అమెరికా వైపు ఒక పెద్ద గుంపు, ఆండీస్ దక్షిణ భాగం వైపు ఇంకో పెద్ద గుంపు. రెండూ ఒకే స్పీషీస్ అని అందరూ ఒప్పుకుంటారు, చాలా క్రాసులు చక్కగా వస్తాయి కూడా. అయినా కొన్ని జతల్ని కలిపితే పుట్టిన మొక్క గిడసబారి, వేళ్ళు సరిగ్గా రాక చచ్చిపోతుంది. ఒక వైపు నుంచి వచ్చే ఒక జన్యువు, ఇంకో వైపు నుంచి వచ్చే ఇంకో జన్యువు, విడివిడిగా ఏ హానీ చెయ్యవు, రెండూ ఒకే మొక్కలో పడితే పొసగవు, వాటిని డీఎల్ 1, డీఎల్ 2 అంటారు. అంటే ఒకే స్పీషీస్ లోపలే గోడ ఉంది.

అదే వల్గారిస్ ని తల్లిగా పెట్టి కాక్సినియస్ పుప్పొడి వేస్తే, రెండూ వేరే స్పీషీస్ అయినా సంకరం వస్తుంది. తల్లిని తండ్రిని తారుమారు చేస్తే చాలా కష్టం. ఎడారి వైపు పెరిగే ఫేసియోలస్ అక్యుటిఫోలియస్ తో కలిపితే పిండాన్ని కాయలోంచి తీసి ల్యాబులో పెంచాల్సి వస్తుంది. హార్లన్, డి వెట్ 1971లో జీన్ పూల్ అనే లెక్క తెచ్చింది ఇందుకే, తేలిగ్గా కలిసేవి ఒక వలయం, కష్టంగా కలిసేవి రెండోది, బలవంతాన కలిసేవి మూడోది. అది మొక్కల్ని సంకరం చేసేవాళ్ళకి చాలా ఉపయోగం. స్పీషీస్ గీత ఎక్కడ గియ్యాలో మాత్రం అది ఒక్కటే చెప్పలేదు, పైగా అడవిలో ఆ రెండు తీగలు ఒకే నెలలో పూస్తాయా, ఒకే తేనెటీగ రెండిటి మీదా వాలుతుందా అన్నది గ్రీన్‌హౌస్ లో చేత్తో చేసిన క్రాసుకి తెలీదు.

ప్రశ్న: ఇన్ని తంటాలెందుకు, డీఎన్ఏ టెస్ట్ చేయిస్తే తేలిపోతుంది కదా!

జవాబు: తేలుతుంది, ఒక్కోసారి మూడు సార్లు మూడు రకాలుగా తేలుతుంది. ఇది వెటకారంగా అనట్లేదండి, జరిగిందే చెప్తున్నా. ఈక్వడార్, ఉత్తర పెరూ దేశాల్లో ఆండీస్ పడమటి వాలు మీద ఒక అడవి చిక్కుడు ఉంది, చూడ్డానికి వల్గారిసే. దాని గింజలో ఫేసియోలిన్ అనే ప్రోటీన్ రకం మాత్రం అటు మెక్సికో వాటితోనూ ఇటు దక్షిణ ఆండీస్ వాటితోనూ కలవలేదు. 1995లో ఆ ప్రోటీన్ జన్యువు చదివి, ఇదే పాత రూపం, మిగతా రెండు గుంపులూ ఇక్కడి నుంచే అటూ ఇటూ వెళ్ళాయి అన్నారు. 2012లో ఇంకా ఎక్కువ జన్యువులు చూసి, కాదు, మూలం మెక్సికో వైపే, ఇది అక్కడి నుంచి వచ్చి మిగిలిపోయిన గుంపు అన్నారు. 2017లో మొత్తం జీనోములు పోల్చి, అసలిది వల్గారిసే కాదు, పక్కన ఉండాల్సిన వేరే స్పీషీస్ అని ఫేసియోలస్ డెబూకియై అని పేరు పెట్టారు. కొలంబియాలో ఉండి జీవితమంతా అడవి చిక్కుళ్ళు సేకరించిన డానియల్ డెబూక్ గౌరవంగా పెట్టిన పేరు అది. మొక్కలు అవే, వాలు అదే.

ఇందులో నా అభిప్రాయం అడిగితే, డీఎన్ఏ అబద్ధం చెప్పలేదు, ప్రతిసారీ మనం అడిగిన ప్రశ్నకే జవాబు ఇచ్చింది. ఒక జన్యువు చదివితే ఆ జన్యువు చరిత్ర వస్తుంది, మొక్క చరిత్ర కాదు. కొండల్లో అయితే ఒక లోయకీ పక్క లోయకీ మధ్య పుప్పొడి దాటదు, వేల ఏళ్ళు విడిగా ఉన్న ప్రతి లోయా డీఎన్ఏలో వేరుగానే కనిపిస్తుంది, వేరుగా కనిపించిన ప్రతి లోయకీ ఒక స్పీషీస్ పేరు పెడుతూ పోతే అంతు ఉండదు. డీఎన్ఏ తేడాతో పాటు ఇంకో స్వతంత్రమైన తేడా, కాయో గింజో పూసే కాలమో, ఏదో ఒకటి తోడు వస్తేనే నేను ఒప్పుకుంటాను. ఫేసియోలస్ ఉత్తర, మధ్య అమెరికా జాతుల మీద ఫ్రేటాగ్, డెబూక్ 2002లో వేసిన పెద్ద గ్రంథం ఇవాళ్టికీ పక్కన పెట్టలేనిది అవ్వడానికి కారణం కూడా ఇదే, వాళ్ళు మొక్క ఉన్న చోటికి వెళ్ళి చూసి రాశారు.

ప్రశ్న: తీగ ఎటు చుట్టుకుంటుందో దాన్ని బట్టి స్పీషీస్ చెప్పొచ్చా? ఉత్తరార్ధగోళంలో ఒక వైపు, దక్షిణంలో ఇంకో వైపు చుట్టుకుంటాయని విన్నాను.

జవాబు: రెండోది నిజం కాదు. 2007లో ప్రపంచంలో చాలా చోట్ల తీగల్ని లెక్కపెట్టి చూస్తే 92 శాతం ఒకే వైపు చుట్టుకున్నాయి, గోళార్ధంతో సంబంధం లేదు. పైనుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురు దిశ అది, చిక్కుళ్ళు కూడా అంతే, కాబట్టి ఫేసియోలస్ లోపల స్పీషీస్ విడదీయడానికి ఇది పనికిరాదు. కానీ ఇదే కుటుంబంలో విస్టీరియా ఉంది చూడండి, చైనా విస్టీరియా గడియారానికి ఎదురుగా చుట్టుకుంటుంది, జపాన్ ది, ఫ్లోరిబండా, గడియారం వైపే. పూలు లేని కాలంలో కూడా ఆ రెండిటినీ అలా చెప్పొచ్చు.

ప్రశ్న: నేను చదువుకున్నప్పుడు కుడ్జు తీగ ప్యురేరియా లోబేటా. ఇప్పుడు ప్యురేరియా మోంటానా అంటున్నారు. పేర్లు ఎందుకిలా మారుస్తారు? (రిటైర్డ్ లెక్చరర్)

జవాబు: మేడం, ఇక్కడ పేరు మారింది ఎవరి ఇష్టం వల్లా కాదు, రెండు తీగల్ని ఒకటి చేసినందువల్ల. చిక్కుడు కుటుంబానికే చెందిన ఈ కుడ్జు తూర్పు ఆసియా కొండల్లో చాలా రూపాల్లో ఉంటుంది. 1790లో లోరేరో ఒకదానికి డోలికోస్ మోంటానస్ అని పెట్టాడు, 1802లో విల్డెనో ఇంకోదానికి డోలికోస్ లోబేటస్ అని పెట్టాడు. రెండూ వేరు వేరు స్పీషీస్ అనుకున్నంత కాలం రెండు పేర్లూ బతికాయి. తర్వాత వీటి మధ్య గీత నిలబడదు, ఇవి ఒకే స్పీషీస్ లో వెరైటీలు అని తేల్చాక, ఉమ్మడి స్పీషీస్ కి ముందు పెట్టిన పేరే ఉండాలి, అది నామకరణ నియమం. 1790 ముందుంది కాబట్టి మోంటానా. మీరు చదువుకున్న లోబేటా ఎక్కడికీ పోలేదు, ప్యురేరియా మోంటానా వెరైటీ లోబేటాగా ఉంది. మీరు వేరు స్పీషీసే అని నమ్మితే పాత పేరు వాడుకోవచ్చు, అందులో తప్పు లేదు, కాకపోతే ఎందుకు వేరో చూపించాలి.

జీనస్ స్థాయిలో ఇంకా పెద్ద మార్పులు జరిగాయి. లినేయస్ 1753లో పెసరని ఫేసియోలస్ లోనే వేశాడు, మినుముని కూడా 1767లో అక్కడే వేశాడు. పైన చెప్పిన ద్రోణి చుట్టు, పత్రపుచ్ఛాలు లాంటి గుణాలు సరిగ్గా పట్టించుకున్నాక 1950ల్లో అవి విగ్నాకి వెళ్ళాయి, 1978లో మరెషాల్, మష్కెర్పా, స్టేనియే మొత్తం గుంపుని మళ్ళీ సర్దాక ఫేసియోలస్ అంటే అమెరికా ఖండాల జీనస్ గానే మిగిలింది.

ప్రశ్న: వచ్చే సీజన్ లో కొండల్లో ఈ తీగల శాంపిల్స్ తీయబోతున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? ఏదైనా కొత్తది దొరికితే? (అటవీ పరిశోధన విద్యార్థులు)

జవాబు: ముందు అనుమతులు రాతపూర్వకంగా తీసుకోండి. పువ్వున్న కొమ్మ ఒక్కటే తెచ్చి ఆగిపోవద్దు, అదే మొక్కకి రిబ్బన్ కట్టి కాయ పండాక మళ్ళీ వెళ్ళండి, ఎందుకంటే ఈ కుటుంబంలో సగం గుర్తులు పువ్వులో, సగం గింజలో ఉన్నాయి, హెర్బేరియాల్లో ఏదో ఒకటే ఉన్న షీట్లు గుట్టలుగా పడి ఉన్నాయి. కింది ఆకు, మధ్య ఆకు, పై ఆకు మూడూ షీట్ మీద పెట్టండి. ఎండితే పువ్వు రంగు పోతుంది, ద్రోణి నలిగి చుట్టు కనపడదు, కాబట్టి రెండు మూడు పూలు ఆల్కహాల్ సీసాలో వేసి రంగు అక్కడికక్కడే రాసుకోండి. వేరుకి దుంప ఉందో లేదో, మట్టి కొంచెం పక్కకి తీసి చూసి ఫొటో తీసుకుని మళ్ళీ కప్పెయ్యండి, అన్ని మొక్కలూ పీకొద్దు.

పొలం గట్ల దగ్గర దొరికిన వాటిని వేరే కట్టగా పెట్టుకోండి. పెరూ, కొలంబియా ఆండీస్ లో సాగు చిక్కుడు, అడవి చిక్కుడు కలిసి పుట్టిన కలుపు రకాలు ఉన్నాయి, గింజ రెండిటికీ మధ్య సైజులో ఉంటుంది, రంగులు రకరకాలుగా ఉంటాయి. అలాంటిది చూసి కొత్త స్పీషీస్ అనుకునే ప్రమాదం ఉంది. దగ్గర్లో సాగు ఉందా, ఎంత దూరంలో ఉంది అన్నది లేబుల్ మీద తప్పకుండా రాయండి.

నిజంగానే కొత్తది అనిపిస్తే తొందరపడి పేరు అనుకోవద్దు, ఆ చుట్టుపక్కల ప్రాంతాల నుంచి 1753 నుంచి (లినేయస్ తో పేర్ల లెక్క మొదలైన ఏడాది) పెట్టిన పాత పేర్లన్నీ, వాటి టైప్ షీట్లన్నీ (పేరుకి ఆధారంగా దాచిన ఎండు కొమ్మలు అతికించిన కాగితాలు) చూడాలి, మీది వాటిలో ఏదో ఒకటి అయ్యే అవకాశమే ఎక్కువ. చాలా టైప్ షీట్లు ఇప్పుడు స్కాన్ లో దొరుకుతున్నాయి కాబట్టి దూరం వెళ్ళక్కర్లేదు. అన్నీ దాటితే అప్పుడు వర్ణన లాటిన్ లోనో ఇంగ్లీషులోనో రాయాలి, 2012 జనవరి 1 నుంచి లాటిన్ తప్పనిసరి కాదు. పేరుకి ఆధారంగా ఒకే ఒక్క శాంపిల్ ని టైప్ గా చూపించి, అది ఏ హెర్బేరియంలో ఉందో రాయాలి. ఆ టైప్ కి పువ్వూ కాయా రెండూ ఉన్న కొమ్మనే ఎంచుకోండి, ఒక తీగ మీద రెండూ ఒకేసారి దొరికే వారాలు సీజన్ చివర్లో ఉంటాయి, ఆ వారాలకి తగ్గట్టే ప్రయాణం పెట్టుకోండి.